రెండు సంతకాల గ్రీన్ కార్డు

అమెరికా పౌరుణ్నో, అక్కడ శాశ్వత నివాస హక్కు ఉన్నవాణ్నో పెళ్లాడి, అతని దరఖాస్తు మీద ఆ దేశానికి వెళ్లే అమ్మాయికి గ్రీన్ కార్డు రెండు రకాలుగా వస్తుంది. అక్కడ అడుగుపెట్టే నాటికి పెళ్లై రెండేళ్లు నిండితే పదేళ్ల కార్డు ఇస్తారు. నిండకపోతే రెండేళ్ల కార్డు ఇచ్చి, దానికో షరతు పెడతారు. గడువు తీరడానికి ముందున్న 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 అనే దరఖాస్తు మీద సంతకాలు చేసి, తమది నిజమైన కాపురమేనని కాగితాలతో రుజువు చేసుకోవాలి. అది వేయకపోతే ఆమె నివాస హక్కు దానంతటదే రద్దవుతుంది, దేశం నుంచి పంపించే ప్రక్రియ మొదలవుతుంది. భార్య దరఖాస్తు మీద వెళ్లే మగవాళ్లకూ ఇదే నియమం. దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికి పెట్టిన జాగ్రత్త అని దీన్ని అందరూ మామూలుగా ఒప్పేసుకుంటారు. దీని పుట్టుక చూస్తే అంత తేలిగ్గా ఒప్పుకోబుద్ధి కాదు. భార్యకు భర్త ద్వారా తప్ప విడిగా ఉనికి లేదన్న పాత చట్టపు ఆలోచన 1920ల్లో పోయినట్టే పోయి, 1986లో మోసాల నివారణ పేరుతో వలస చట్టంలోకి తిరిగి వచ్చింది. మోసాన్ని పట్టుకోవడం కన్నా, ఇద్దరిలో ఒకరి సంతకానికి రెండోవారి జీవితం మీద అధికారం ఇవ్వడంలోనే ఈ షరతు ఎక్కువగా పనిచేసిందని నా వాదన.

పాత ఆలోచన ఎలా ఉండేదో ముందు చూడాలి. 1855 నాటి చట్టం ప్రకారం అమెరికా పౌరుణ్ని పెళ్లాడిన విదేశీ స్త్రీ, అప్పటి జాతి నిబంధనలు అడ్డురాకపోతే, ఆ పెళ్లితోనే పౌరురాలయ్యేది. పరీక్ష లేదు, నిరీక్షణ లేదు, ఆమె ఇష్టాయిష్టాల ఊసు అసలే లేదు. ఉదారంగా కనిపించే ఈ నియమం 1907లో తన రెండో ముఖం చూపించింది. ఆ ఏడాది వచ్చిన చట్టంతో విదేశీయుణ్ని పెళ్లాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వాన్నే కోల్పోయింది. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన ఎథెల్ మెకెంజీ 1909లో ఒక బ్రిటిష్ పౌరుణ్ని పెళ్లాడింది. ఆ రాష్ట్రంలో స్త్రీలకు ఓటు హక్కు వచ్చాక పేరు నమోదుకు వెళితే, నువ్విప్పుడు పరాయి దేశస్థురాలివని తిప్పి పంపారు. ఆమె సుప్రీంకోర్టు దాకా పోరాడి 1915లో ఓడిపోయింది. తెలిసి తెలిసి చేసుకున్న పెళ్లి కాబట్టి ఫలితాన్నీ ఆమే భరించాలని కోర్టు తేల్చింది. 1922లో కేబుల్ చట్టం పెళ్లినీ పౌరసత్వాన్నీ విడదీసింది గాని, పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ని పెళ్లాడిన స్త్రీకి ఆ రక్షణ ఇవ్వలేదు. ఆ మరుసటి ఏడాదే భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అనర్హులని సుప్రీంకోర్టు చెప్పడంతో ఆ మినహాయింపు మనవాళ్ల ఇళ్లకూ తగిలింది. జాతీయోద్యమకారుడు తారక్‌నాథ్ దాస్‌ను పెళ్లాడిన మేరీ అమెరికాలో పుట్టి కూడా పౌరసత్వం పోగొట్టుకుంది. ఆ మినహాయింపు 1931లో గాని రద్దు కాలేదు.

దేశంలోకి ఎవరి భార్యను రానివ్వాలన్నది దీనికి జంటగా నడిచిన కథ. 1875 నాటి పేజ్ చట్టం వ్యభిచారం కోసం తెచ్చే ఆసియా స్త్రీలను ఆపడానికని వచ్చింది, ఆచరణలో చైనా కూలీల భార్యలను ఆపింది. ప్రతి చైనా స్త్రీనీ అనుమానించి, తాను అలాంటిది కాదని నిరూపించుకొమ్మన్నారు. జపాన్ విషయంలో 1907-08 ఒప్పందం కూలీలను ఆపి భార్యలకు దారి వదిలింది. ఫోటోలు మార్చుకుని, పెద్దలు కుదిర్చి, జపాన్‌లో కుటుంబ రిజిస్టరులో పేరు ఎక్కించుకుని వేలమంది పెళ్లికూతుళ్లు ఓడలెక్కారు. వరుడు పక్కన లేకుండా జరిగిన ఆ పెళ్లిని అమెరికా అధికారులు నమ్మలేదు. చాలాకాలం రేవులోనే వాళ్లకు మళ్లీ పెళ్లి చేయించి గాని లోపలికి పంపలేదు. పెద్దలు కుదిర్చిన పెళ్లంటే ఆ దేశపు యంత్రాంగానికి ఉన్న అనుమానం అంత పాతది. అమెరికాలో గొడవ పెరిగాక 1920లో జపానే అలాంటి వధువులకు పాస్‌పోర్టులు ఇవ్వడం మానేసింది. భారతీయులకైతే 1917 చట్టం తలుపులు మూసేసింది. కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసే పంజాబీలు ఊళ్లోని భార్యలను తెచ్చుకోలేక, కొత్త సంబంధానికి ఇక్కడికి రాలేక, ఇంపీరియల్ లోయలో మెక్సికన్ స్త్రీలను పెళ్లాడి మరో తరహా కుటుంబాలు కట్టుకున్నారు. 1924 చట్టం పౌరుల భార్యలకు కోటా లేకుండా ప్రవేశం ఇచ్చినా, పౌరసత్వానికి అనర్హులైన జాతుల స్త్రీలను వదిలేసింది. చైనా సంతతి పౌరుల భార్యలకు ప్రవేశం లేదని 1925లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైనికుల భార్యల కోసం 1945 డిసెంబరులో వచ్చిన చట్టంతో ఈ గోడ సడలింది, 1952లో భార్య, భర్త అన్న తేడా పోయింది, 1965 చట్టం కూడా పౌరుల జీవిత భాగస్వాములకు సంఖ్యా పరిమితి పెట్టలేదు. పైకి చూస్తే ఇది నిలకడగా విశాలమవుతూ వచ్చిన చరిత్ర. ఒక్క విషయం మాత్రం అప్పటిదాకా ఎక్కడా మారలేదు. దరఖాస్తు పెట్టేది అక్కడున్న వ్యక్తే, వెనక్కి తీసుకోగలిగేదీ ఆ వ్యక్తే. వచ్చే మనిషికి సొంతంగా అడిగే హక్కు రాలేదు.

మోసాలు లేవా అంటే ఉన్నాయి. పైన చెప్పిన 1945 నాటి యుద్ధ వధువుల చట్టాన్ని వాడుకుని కొందరు మాజీ సైనికులను డబ్బిచ్చి పారిస్ పంపి, పోలండ్ శరణార్థులతో పెళ్లిళ్లు జరిపించి అమెరికా తెచ్చిన లుట్వాక్ కేసు 1953లో సుప్రీంకోర్టుకు వచ్చింది. కలిసి బతికే ఉద్దేశం లేని పెళ్లి ఫ్రాన్స్ చట్టం ప్రకారం చెల్లుతుందో లేదో తమకు అనవసరమని కోర్టు కుట్రదారుల శిక్షను ఖాయం చేసింది. అంటే దొంగ పెళ్లిని శిక్షించే శక్తి చట్టానికి 1986కు ముందే ఉంది. అసలు పెళ్లిని దొంగ పెళ్లి నుంచి వేరు చేసే గీటురాయి కూడా ఉంది. 1975లో బార్క్ కేసులో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు దాన్ని చక్కగా చెప్పింది: పెళ్లినాటికి ఇద్దరికీ కలిసి బతికే ఉద్దేశం ఉందా అన్నదే ప్రశ్న, తర్వాత విడిపోవడం ఒక్కటే మోసానికి రుజువు కాదు. పౌరుల పెళ్లిళ్లు విఫలమైనట్టే వలస వచ్చినవాళ్ల పెళ్లిళ్లూ విఫలమవుతాయన్న ఇంగితం ఆ తీర్పులో ఉంది.

ఈ గీటురాయిని పక్కకు నెట్టింది ఒక అంకె. 1985లో సెనేట్ ఉపసంఘం ముందు అప్పటి ఇమ్మిగ్రేషన్ శాఖ కమిషనర్ అలన్ నెల్సన్, వీసా కోసం జరిగే పెళ్లిళ్లలో 30 శాతం దాకా అనుమానాస్పదమని తన శాఖ సర్వే చెబుతోందన్నారు. ఆ 30 శాతమే చట్టసభలోనూ పత్రికల్లోనూ దొంగ పెళ్లిళ్ల లెక్కగా తిరిగింది. నిజానికి అది రుజువైన మోసాల లెక్క కాదు, అధికారులకు అనుమానం కలిగిన కేసుల లెక్క. ఆ సర్వేకు గణాంకపరంగా విలువ లేదని 1990లో మన్వానీ కేసులో ఉత్తర కరోలినాలోని ఫెడరల్ జిల్లా కోర్టు ఎత్తిచూపింది. అప్పటికే ఆలస్యమైంది. 1986 నవంబరు 10న అధ్యక్షుడు రీగన్ సంతకంతో దొంగ పెళ్లిళ్ల సవరణ చట్టం అమల్లోకి వచ్చేసింది. అయిదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా పెట్టారు. వాటి మీద పేచీ లేదు. పేచీ అంతా రెండేళ్ల షరతుతోనే. ఉమ్మడి సంతకం లేకుండా గట్టెక్కడానికి అందులో పెట్టిన మినహాయింపు చదివితే చట్టం మనసు అర్థమవుతుంది. సదుద్దేశంతో చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిస్తే మినహాయింపు ఇస్తారు, కాని ఆ విడాకులు వలస వచ్చిన వ్యక్తే తగిన కారణంతో తీసుకుని ఉండాలి. భర్త ముందుగా కోర్టుకెళ్లి విడాకులు తెచ్చుకుంటే ఆ తలుపు మూతపడేది. కొట్టే భర్తకు ఇంతకన్నా మంచి ఆయుధం ఏముంటుంది? 1990లో కాంగ్రెస్ ఆ మెలిక తీసేసి, హింసకు గురైనవాళ్లకు ప్రత్యేక మినహాయింపు చేర్చింది. 1994లో స్త్రీలపై హింస నిరోధక చట్టం వచ్చి, హింసించే భర్త ప్రమేయం లేకుండా భార్యే మొదటి దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించింది. ఎనిమిదేళ్లలోనే అంత దిద్దుబాటు కావలసి వచ్చిందంటే దెబ్బ ఎవరికి తగులుతోందో చట్టం చేసినవాళ్లకూ తెలిసిందన్నమాట.

ఇప్పుడు మినహాయింపులు ఉన్నాయి కదా, ఇంకా ఈ ఫిర్యాదు ఎందుకని అడగవచ్చు. మినహాయింపు ఉండటం వేరు, రుజువు చేసుకోగలగడం వేరు. నిజమైన కాపురానికి ఆధారాలుగా అధికారులు చూసేవి ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్ల మీద ఇంటి అద్దె ఒప్పందం, కలిపి వేసిన పన్ను రిటర్నులు, బీమాలో నామినీగా పేరు. కాపురం ఎంత చెడితే ఇవి భార్య చేతికి అంత తక్కువగా అందుతాయి. ఖాతాలో పేరు చేర్చనివాడే కొట్టేవాడు కూడా అయితే, అతని దుర్మార్గమే ఆమె పెళ్లి అబద్ధమనడానికి సాక్ష్యంగా మారుతుంది. చట్టం స్త్రీ పురుషులిద్దరికీ ఒకటేగా అన్న మాట అక్షరాలా నిజమే. అయితే సంతకం పెట్టేవాడికీ సంతకం కోసం ఎదురుచూసే మనిషికీ మధ్య సమానత్వం లేనప్పుడు, అందులో ఏ లింగమని రాయకపోవడం పెద్ద ఊరట కాదు. బ్రిటన్ అనుభవం కూడా ఈ సంగతే చెబుతుంది. ప్రవేశం కోసం కాదు, పెళ్లి కోసమే పెళ్లి చేసుకున్నామని నిరూపించుకొమ్మనే నియమాన్ని అక్కడ 1980లో తెచ్చి, భారత ఉపఖండపు పెద్దలు కుదిర్చిన సంబంధాల మీద ఎక్కువగా ప్రయోగించారు. దాన్ని 1997లో రద్దు చేసినా దేశమేమీ మునిగిపోలేదు. కొత్తగా వచ్చిన భార్యకో భర్తకో అక్కడ పెట్టే పరీక్షాకాలం మాత్రం పోలేదు. 2003లో రెండేళ్లయింది, 2012లో అయిదేళ్లయింది.

అమెరికా షరతు అసలు కొలిచేది ఏమిటో చూడాలంటే మన తెలుగు ఇళ్ల ఉదాహరణే చాలు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్న అబ్బాయిని చేసుకుని, అతని భార్యగా హెచ్-4 వీసా మీద వెళ్లిన అమ్మాయికి, ఉద్యోగం ద్వారా అతనికి గ్రీన్ కార్డు వచ్చినప్పుడు తనకూ వచ్చే కార్డుకు ఈ షరతు లేదు. అబ్బాయికి గ్రీన్ కార్డు వచ్చాక పెళ్లయితే ఆమె కోటా వరుసలో నిలబడాలి. ఒకప్పుడు ఆ నిరీక్షణ నాలుగైదేళ్లు సాగేది. మరీ ఘోరంగా ఉందని 2000లో వి వీసా అనే ప్రత్యేక ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఆ నాలుగైదేళ్లు భర్త అక్కడ, భార్య గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉండి, కలిసి బతికింది కొన్ని వారాలే అయినా, పెళ్లై రెండేళ్లు దాటింది కాబట్టి ఆమెకు నేరుగా పదేళ్ల కార్డే. పౌరుణ్ని చేసుకుని ఏడాదిలో వెళ్లి నిజంగా కాపురం పెట్టిన అమ్మాయికి మాత్రం షరతు. విడివిడిగా బతికిన జంటను నమ్మి, కలిసి బతుకుతున్న జంటను అనుమానించే నియమం కాపురాన్ని కొలుస్తోందని ఎలా అనగలం? అది పెళ్లి సర్టిఫికెట్ వయసును కొలుస్తోంది. డబ్బు తీసుకుని దొంగ పెళ్లి చేసుకునేవాళ్లకు రెండేళ్లు ఉమ్మడి ఖాతా నడపడం, చివరికి రెండు సంతకాలు పెట్టడం కష్టమేమీ కాదు. వాళ్లిద్దరూ ఒకే పక్షం. నిజంగా పెళ్లి చేసుకుని, నిజంగా దెబ్బతిన్న మనిషికే రెండో సంతకం దొరకదు.

పౌరుడైన భర్తకో భార్యకో తన విదేశీ భాగస్వామిని దేశంలోకి తెచ్చుకునే రాజ్యాంగ హక్కు లేదని 2024లో మునోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఈ షరతు కోర్టుల ద్వారా పోతుందని ఆశ పెట్టుకోనక్కర లేదు, కాంగ్రెస్ తీసేస్తేనే పోవాలి. అందాకా పిల్లను పంపే తల్లిదండ్రులు శుభలేఖలూ ఆల్బమ్‌లూ ఫైలులో పెట్టడంతో ఆగకూడదు. ఐ-751ను భర్త సంతకం లేకుండా కూడా వేయవచ్చు. సదుద్దేశంతో చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిసినా, ఇంట్లో హింస జరిగినా, వెనక్కి పంపితే తీవ్రమైన కష్టం కలిగేలా ఉన్నా ఆ దారి చట్టంలోనే ఉంది, దానికి ఆ 90 రోజుల గడువు కూడా వర్తించదు. సంతకం పెట్టనని అతను బెదిరించే రోజు రాకముందే, విమానం ఎక్కకముందే ఈ సంగతి ఆమెకు తెలిసి ఉండాలి.