ఊదారంగు రాయి ముచ్చట

మంటల ఇంకో రెండు కట్టెలేసి దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. అక్క ఉంగరంల రాయి ఏందని అడిగిండ్రు గదా, చెప్త. దాన్ని జమునియా అంటరు, ఇంగ్లీషుల అమెథిస్ట్. పత్తర్‌గట్టిల రాళ్లకు సాన పట్టే దుకాణంల పని చేసిన రోజుల్ల ఇసొంటియి నా చేతులల్ల చానా తిరిగినయి.

అల్లనేరేడు పండు తింటే నాలుకకు అంటుతది సూడుండ్రి, ఆ రంగు. రాయంత ఒక్క తీరుగ ఉండదు. కొసకు చిక్కగ, అడుగుకు పోయినకొద్ది పలచగ. మా ఉస్తాదు రాయిని దీపానికి అడ్డం పట్టి ఎంతోసేపు తిప్పేటోడు. చిక్కటి జాగ అడుగుకు వచ్చేటట్టు కోసేటోడు. అప్పుడు పైకెల్లి చూస్తే రాయి నిండ రంగే! అంత సొగసున్నా అది మన చెల్కలల్ల దొరికే పలుగురాయి జాతే. లోపల ఇసుమంత ఇనుము ఉండి, భూమిల ఉండే రేడియేషన్ తాకితే ఊదా ఎక్కుతది. బాగ కాలిస్తే పసుపుకు తిరుగుతది. ఏండ్లకొద్ది ఎండల పెడితే వెలుస్తది.

ఒకప్పుడు కెంపు, పచ్చల సరసన ఉన్న రాయి. ఒంటి మీదుంటే కల్లు తాగినా మత్తెక్కదని గ్రీకులు నమ్మిండ్రు. క్రైస్తవుల బిషప్పులు ఉంగరాలకు పెట్టుకున్నరు. 1800లల్ల బ్రెజిల్, ఉరుగ్వే దేశాలల్ల కుప్పలుగ దొరికేసరికి ధర పడ్డది. మన దిక్కు శని కోసం నీలం కొనలేనోళ్లు దీన్ని పెట్టుకుంటరు.

ఇగ అసలు ముచ్చట. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంల ఒక జమునియా ఉన్నది. పేరుకు ఢిల్లీ నీలం అంటరు గాని నీలం కాదు. దాని యజమాని ఎడ్వర్డ్ హెరాన్-అలెన్, మస్తు చదువుకున్న మనిషి. 1904ల ఒక ఉత్తరం రాసి, ఆ రాయితోని కలిపి ఏడు పెట్టెలల్ల ఒకదాంట్ల ఒకటి పెట్టి బ్యాంకుల దాపిచ్చిండు. 1857 తిరుగుబాటప్పుడు కాన్పూరుల ఇంద్రుని గుడిల లూటీ అయిన రాయట. తెచ్చిన కల్నల్ ఫెర్రిస్ ఆస్తీ పోయింది, ఆరోగ్యమూ పోయిందట. హెరాన్-అలెన్ దాన్ని పాటలు పాడే స్నేహితురాలికి ఇస్తే ఆమె గొంతు పోయిందట. కాలువల పారేస్తే మూడు నెలలకు మల్ల ఇంటికే వచ్చిందట. ఆయన చనిపోయినంక 1944ల బిడ్డ దాన్ని మ్యూజియంకు ఇచ్చింది.

ఇదంత కల్పన అనేటోళ్లున్నరు. ఇంద్రునికి గుడి చానా అరుదు, ఆ అనుమానం నాకూ ఉన్నది. కాని కాన్పూరుల లూటీ మాత్రం కల్పన కాదు బిడ్డా. రాయికి శాపం ఉంటదని నేను నమ్మ. దోచిన చేతిదే తప్పు.

ఆ ఉత్తరంల ఒక ముక్క నన్ను ఇప్పటికీ ఇడువదు. ఆయన పుస్తకాల గదిల ఒక హిందూ యోగి మూలకు గొంతుక్కూసోని, రాయి కోసం చేతులతోని నేల తవ్వుకుంట కనబడేటోడట. భార్యకు, స్నేహితులకు గుడ కనబడ్డడట. అంత చూసి రాసిన మనిషి, రాయి దొరికినోళ్లకు ఏం సలహా ఇచ్చిండో తెలుసా? సముద్రంల ఎయ్యమన్నడు. కాలువ తట్టింది, బ్యాంకు తట్టింది, సముద్రం తట్టింది. తవ్వుకుంటున్నోని చేతులల్ల పెట్టాలన్న మాట ఆ ఉత్తరంల యాడ లేదు.