హైదరాబాదు జమేదారీ నుండి ముకల్లా గద్దె దాకా

మన రుద్రంగిలో, ఇటు కోరుట్ల, జగిత్యాల, అటు సిరిసిల్ల వైపున ఏ వాడకు పోయినా దుబాయి, మస్కటు మాట వినబడని ఇల్లు అరుదు. కాని ఒకప్పుడు దారి ఇటు నుండి అటు కాదు, అటు నుండి ఇటు ఉండేది. అరబ్బులే బతుకుతెరువు కోసం మన గడ్డకు వచ్చినారు. ఆ కథలో ఒక సుల్తాను జీవితం ఉన్నది. అది మన పిల్లలకు తెలియవలసినది.

అరేబియాకు దక్షిణాన హద్రమౌత్ అనే ఎండు ప్రాంతం ఉన్నది. అక్కడి నుండి వచ్చిన ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ నిజాం అరబ్బు ఫౌజులో జమేదారు అయినాడు. ఇక్కడ సంపాదించిన సొమ్ముతో ఆయన, ఆయన కొడుకులు సొంత దేశంలో కోటలు గెలిచినారు. 1867లో షిహర్, 1881లో ముకల్లా రేవు వారి చేతికి వచ్చినవి. 1888లో ఆ రాజ్యం బ్రిటిషు వారి రక్షణ కిందికి పోయింది. హైదరాబాదులోని బార్కస్ ఆనాటి అరబ్బు సిపాయిల బస. బ్యారక్స్ అన్న మాటే జనం నోట బార్కస్ అయింది.

ఆ వంశపు సుల్తాన్ సాలిహ్ బిన్ గాలిబ్ పుట్టి పెరిగింది హైదరాబాదులోనే. 1936లో గద్దెనెక్కి, 1956లో కన్నుమూసే దాకా ఇరవై ఏండ్లు ఏలినాడు. చదువుకున్న మనిషి, గ్రంథాలు రాసిన పండితుడు. బడుల మీద శ్రద్ధ పెట్టినాడు.

1937లో ఆయన బ్రిటిషు వారితో ఒక ఒడంబడిక చేసుకున్నాడు. మతము, ఆచారము తప్ప మిగతా అన్ని విషయాలలో వారి సలహాదారు చెప్పినట్లు నడుచుకోవాలన్నది షరతు. పేరుకు సలహా, నిజానికి హుకుం! సలహాదారుగా వచ్చిన హెరాల్డ్ ఇంగ్రామ్స్ తెగల మధ్య మూడేండ్ల సంధి కుదిర్చినాడు. దారులు నిమ్మళించినవి, నిజమే. కాని పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నవో జనం మరచిపోలేదు. 1950 డిసెంబరులో, రాజ్య కార్యదర్శి పదవి స్థానికునికే ఇవ్వాలని జనం కోట ముందుకు వచ్చినారు. తుపాకులు పేలినవి, ప్రాణాలు పోయినవి. ఆ మచ్చ ఆయన పాలన మీద ఉండిపోయింది.

అంతకన్న పెద్ద దెబ్బ కరువు. హద్రమౌత్‌లో ఎన్నో ఇండ్లు జావా, సింగపూరు నుండి వచ్చే పైకం మీదనే బతికేవి. యుద్ధంలో జపాను వారు ఆ దేశాలను పట్టుకోగానే పైకం ఆగింది. వానలు కూడా లేవు. 1943-44లో జనం ఆకలికి రాలిపోయినారు. ఆ పిదప 1948లో పోలీసు చర్య జరిగింది, నిజాం అరబ్బు ఫౌజు చెదిరిపోయింది, ఎందరో అరబ్బులను తిరిగి పంపినారు. 1949లో జాగీర్లు రద్దయినవి. హైదరాబాదు ఆసరా కూడా అట్లా తెగిపోయింది. 1967లో ఆ రాజ్యమే అంతరించి దక్షిణ యెమెన్‌లో కలిసింది.

సోదరులారా! ఒక తండ్రి పరదేశంలో చెమటోడ్చి పంపే పైకం గొప్పదే. కాని ఊరంతా ఆ ఒక్క దారం మీదనే వేలాడితే, అది తెగిన నాడు సుల్తాను వల్ల కూడా కాలేదు. అందుకే వచ్చిన పైకంలో కొంత పిల్లల చదువుకు, కొంత ఇక్కడి పనిపాటలకు పెడుదాము. మనము పోయిన దారి మన పిల్లలకు తప్పనిసరి కాకూడదు. పోతే ఇష్టంతో పోవాలి, ఉంటే ధైర్యంగా ఉండాలి.