మాటకు కాపలా కాసిన పిడుగు

ఎండ నడినెత్తి మీదికొచ్చింది. ముందు నడిచేవాళ్ల కాళ్లు లేపిన దుమ్ము మీ పెదాల మీద పేరుకుంటోంది. ఇది క్రీ.శ. 2వ శతాబ్దం. మీరున్నది గ్రీసులోని పెలొపొనీస్‌లో, ఆల్ఫియస్ నది ఒడ్డున, ఒలింపియా క్షేత్రంలో. మామూలు రోజుల్లో ఇక్కడ పూజారులు, ఆలయ సేవకులు, కొద్దిమంది యాత్రికులే కనిపిస్తారు. నాలుగేళ్లకోసారి మాత్రం గ్రీకు మాట్లాడే ఊళ్లన్నీ కదిలివస్తాయి. పరుగు, కుస్తీ, రథాల పందెం చూడాలనే వస్తారు గానీ, ఉత్సవం ఆటగాళ్లది కాదు, జియస్‌ది. దేవతలకు రాజు, ఆకాశానికి అధిపతి, పిడుగు చేతబట్టినవాడు ఆయన.

జనంతో పాటు మీరూ సభాభవనంలోకి అడుగుపెడతారు. కళ్లు నీడకు అలవాటు పడగానే ఎదురుగా ఆయన. ఒక్కో చేతిలో ఒక్కో పిడుగు. తప్పు చేసినవాడి గుండె జారిపోవాలనే ఈ విగ్రహాన్ని ఇలా మలిచారు. ఈయన హోర్కియోస్, ప్రమాణాలకు సాక్షిగా నిలిచే జియస్. పాదాల దగ్గర ఒక కంచు పలక. ఆడి తప్పినవాళ్లను హెచ్చరించే పద్యాలు దాని మీద చెక్కి ఉన్నాయి.

విగ్రహం ముందు ఇప్పుడే బలి ఇచ్చిన మగపంది మాంసం, ముక్కలుగా కోసి పెట్టారు. నెత్తురు ఇంకా ఆరలేదు. గాలిలో పచ్చి వాసన. మీసం కూడా రాని ఒక కుర్రాడు ముందుకొచ్చాడు, కుస్తీ పోటీకి. వెనకే వాళ్ల నాన్న, అన్న, శిక్షకుడు. ఆటల్లో ఏ మోసమూ చేయబోమని ఆ మాంసం సాక్షిగా అందరూ ప్రమాణం చేయాలి. పెద్దవాళ్ల పోటీల్లో దిగేవాళ్లయితే పది నెలలు నియమం తప్పకుండా సాధన చేశామని కూడా చెప్పాలి. ఆ తర్వాత కుర్రాళ్ల వయసును, పందెపు గుర్రప్పిల్లలను పరీక్షించేవాళ్ల వంతు. లంచం ముట్టమని, తమకు తెలిసిన సంగతులు బయటపెట్టమని వాళ్లూ ఒట్టు పెడతారు. ఈ పంది మాంసాన్ని ఎవరూ తినరు. ఒట్టు పడిన మాంసం మనిషికి పనికిరాదని పాత ఆచారం.

కుర్రాడి గొంతు వణికింది. నాన్న చేయి వాడి భుజం మీదే ఉంది. మీరు చూస్తున్న ఈ నిమిషంలోనే జియస్ అధికారమంతా ఉంది. ఈ ఆచారం పుట్టిన రోజుల్లో గ్రీకులందరికీ కలిపి ఒక రాజు లేడు, ఒక న్యాయస్థానం లేదు. ఊరికీ ఊరికీ యుద్ధం. ఏథెన్స్ వాడి మాటను స్పార్టా వాడు ఎందుకు నమ్మాలి? ఇద్దరూ భయపడే దేవుడొకడు వింటున్నాడు కాబట్టి. ఆ దేవుడే క్సేనియోస్ అనే పేరుతో అతిథిని కాపాడతాడు, హికేసియోస్ అనే పేరుతో శరణు కోరినవాణ్ణి కాపాడతాడు. పరాయి ఊరి బాటసారికి అన్నం పెట్టకుండా తలుపేస్తే, ఆ తప్పు జియస్ లెక్కలోకి వెళ్తుంది. పిడుగు ఆయన ఆయుధం, మనుషుల మధ్య మాటకు విలువ నిలపడం ఆయన ఉద్యోగం.

బయటికి రండి. ఉత్తరాన చెట్లు కప్పుకున్న కొండ కనిపిస్తుంది. అది క్రోనోస్ కొండ. క్రోనోస్ జియస్‌కు తండ్రి. తన సింహాసనం పిల్లలు లాక్కుంటారని భయపడి, పుట్టినవాళ్లను పుట్టినట్టు మింగేసినవాడు. తల్లి రేయా చిన్నవాణ్ణి దాచి, బట్టలో రాయి చుట్టి ఇచ్చింది. ఆ చిన్నవాడే పెరిగి వచ్చి తోబుట్టువులను కక్కించాడు. ఒంటికన్ను రాక్షసులైన సైక్లోప్స్ ఆయనకు ఉరుము, మెరుపు, పిడుగు ఇచ్చారు. పదేళ్ల యుద్ధంలో క్రోనోస్ పక్షాన నిలిచిన పాత దేవతలు, టైటన్లు, ఓడారు. రాజ్యం కోసం తండ్రీ కొడుకులు కుస్తీ పట్టింది ఈ నేల మీదేనని ఇక్కడ కొందరు చెప్పుకుంటారు. గెలిచాక కూడా జియస్ అన్నీ తానే ఉంచుకోలేదు. అన్నదమ్ములు ముగ్గురూ చీట్లు వేసుకుంటే సముద్రం పొసైడన్‌కు, పాతాళం హేడిస్‌కు, ఆకాశం జియస్‌కు వచ్చాయని కవి హోమర్ చెప్పాడు. భూమి, ఒలింపస్ పర్వతం మాత్రం ముగ్గురికీ ఉమ్మడి.

ఉత్సవం నడిమి రోజు. ఎద్దులు వరసగా వస్తున్నాయి, లెక్కకు వంద. నడిచేది జియస్ మహా బలిపీఠం దగ్గరికి. పాలరాతి కట్టడం ఉంటుందనుకుంటే మీ ముందున్నది బూడిద గుట్ట. తరతరాలుగా ఇక్కడ కాల్చిన పశువుల తొడల బూడిదే గట్టిపడి 22 అడుగుల ఎత్తు లేచింది. ఏటా బూడిదను ఆల్ఫియస్ నీళ్లతో కలిపి పీఠానికి మెత్తుతారు. వేరే నది నీళ్లు పనికిరావు. కట్టెలు కూడా తెల్ల పోప్లార్ చెట్టువే కావాలి. కింది అంచె దాకా రాతి మెట్లు, అక్కడి నుంచి పైకి బూడిద మెట్లే. పూజారి తొడలు మోసుకుని ఆ మెట్లెక్కుతుంటే కొవ్వు చిటపటమని, పొగ నిలువుగా లేస్తుంది. ఆ పొగ దేవుడి వాటా. మాంసం జనానిది. ఆకాశంలో గద్దలు తిరుగుతున్నా ఇక్కడ బలి ఇచ్చేవాళ్ల చేతిలోంచి ఏదీ తన్నుకుపోవని వీళ్ల నమ్మకం.

ఇంత నెత్తురు, ఇంత ఎండ ఉన్నచోట ఈగలు ముసరకుండా ఉంటాయా? దానికీ జియసే దిక్కు. ఈగలను తోలే జియస్‌కు, అపోమియోస్‌కు, ఈ క్షేత్రం ఉన్న ఈలిస్ ప్రాంతపు ప్రజలు ప్రత్యేకంగా బలి ఇస్తారు. టైటన్లను కూల్చిన దేవుణ్ణి ఈగలు తోలమని అడగడం వీళ్లకు చిన్నతనం కాదు. ఆకాశం కింద జరిగే ప్రతిదీ ఆయన పరిధిలోదే కదా.

ఇక ఆలయం. ఈలిస్ వాడైన లిబోన్ కట్టాడు. క్రీ.పూ. 5వ శతాబ్దపు డోరిక్ కట్టడం, ముందు ఆరు స్తంభాలు, పక్కన పదమూడు. లోపలికి వెళ్లగానే చల్లదనం ఒంటిని తాకుతుంది. చూపు మొదట నేల మీద పడుతుంది. నల్లరాతి నేల, దాని మీద నూనె తళతళ. ఈ ఆవరణ చిత్తడి నేల కాబట్టి, విగ్రహంలోని దంతం పాడవకుండా ఆలివ్ నూనె పోస్తారు. నూనె చుట్టూ పాలరాతి గట్టు. అక్కడి నుంచి మెల్లగా తలెత్తండి. పాదపీఠం, బంగారు చెప్పులు, పూలు తీర్చిన బంగారు వస్త్రం, దంతపు ఛాతీ, ఆలివ్ రెమ్మల కిరీటం. కుడిచేతిలో విజయదేవత నైకీ, ఎడమచేతిలో రాజదండం, దాని కొన మీద గద్ద. కూర్చున్నా నలభై అడుగుల ఎత్తు. లేచి నిలబడితే కప్పు ఎగిరిపోతుందని భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. ఏథెన్స్ శిల్పి ఫిడియాస్ చేతి పని ఇది. పని ముగిశాక నీకు నచ్చిందా అని శిల్పి దేవుణ్ణి అడిగితే, నేల మీద పిడుగు పడిందట. ఆ చోటును కప్పుతూ ఒక కంచు కలశం మీ కళ్ల ముందే ఉంది.

గమనించండి, ఈ విగ్రహం చేతుల్లో పిడుగు లేదు. సభాభవనంలో భయపెట్టినవాడు ఇక్కడ నెమ్మదిగా, నిండుగా కూర్చున్నాడు. గెలిచిన రాజుకు ఆయుధం చూపించే పని లేదు.

అలాగని ఆయన అన్నీ చేయగలవాడు కాదు. ట్రాయ్ యుద్ధంలో కన్నకొడుకు సర్పెడాన్ చావబోతుంటే కాపాడాలనుకున్నాడు. నువ్వు నీ కొడుకును తప్పిస్తే ప్రతి దేవుడూ తన కొడుకును తప్పించడా అని భార్య హెరా నిలదీసింది. జియస్ ఆగిపోయాడు. నేల మీద నెత్తుటి వాన కురిపించి కొడుకును పోనిచ్చాడు. ప్రమాణాలకు కాపలా ఉన్నవాడే కట్టు తెంచితే లోకం నిలవదని ఆయనకు తెలుసు. భార్య దగ్గర మాత్రం మాట నిలుపుకోలేదు. ఆయన ప్రేమాయణాల వల్ల నలిగిపోయిన ఆడవాళ్ల కథలు గ్రీకు పురాణాల నిండా ఉన్నాయి. ఇక్కడికి దగ్గర్లోని హెరా గుడి జియస్ గుడి కంటే పాతది. అందులో హెరా సింహాసనం మీద కూర్చుంటే, శిరస్త్రాణం పెట్టుకున్న జియస్ పక్కన నిలబడి ఉంటాడు.

చివరగా క్రీడా మైదానం వైపు నడవండి. ఎడమచేతి పక్క, కొండ పాదాన, కంచు జియస్ విగ్రహాలు వరసగా ఉన్నాయి. వీటిని జానెస్ అంటారు. భక్తితో ఇచ్చినవి కావు, మోసగాళ్ల జరిమానాతో పోసినవి. క్రీ.పూ. 388లో థెస్సలీ వాడు యుపోలస్ ముగ్గురు ముష్టియోధులకు లంచం ఇచ్చి గెలిచాడు. నలుగురి దగ్గరా జరిమానా రాబట్టి ఆరు విగ్రహాలు నిలిపారు. క్రీ.పూ. 332లో ఏథెన్స్ ఆటగాడు కల్లిపస్ ప్రత్యర్థులను డబ్బుతో కొన్నాడు. జరిమానా కట్టమని ఏథెన్స్ మొండికేసింది. అది కట్టేదాకా మీకు దేవవాణి వినిపించనని డెల్ఫీ ఆలయం చెప్పడంతో దిగివచ్చింది. దాంతో ఇంకో ఆరు లేచాయి. పిడుగు ఒక్కటీ పడలేదు, అయినా శిక్ష పడింది. పందెంలోకి దిగబోయే ప్రతివాడూ ఈ కంచు కళ్ల ముందు నుంచే నడవాలి.

ఆ బంగారు విగ్రహం ఈనాడు లేదు. బూడిద పీఠం ఆనవాలు లేదు. 6వ శతాబ్దపు భూకంపాలకు కూలిన ఆలయ స్తంభాలు ముక్కలై పడి ఉన్నాయి. మోసగాళ్ల డబ్బుతో నిలిపిన విగ్రహాల పీఠాలు మాత్రం పదహారూ ఉన్నాయి. మీరెప్పుడైనా ఒలింపియా వెళ్తే, మైదానంలోకి పరిగెత్తే ముందు వాటి దగ్గర ఆగండి. జియస్ ఏం చేసేవాడో ఏ శిల్పం కంటే ఆ రాళ్లే స్పష్టంగా చెబుతాయి.