నోటిపూత మందుల పూర్వకథ

నోటిపూత ఎరుగని ఇల్లు అరుదు. పెదవి లోపలనో, నాలుక అంచుననో తెల్లని చిన్న గుంట, దాని చుట్టు ఎర్రని వలయము. వారము పది దినములు బాధించి దానంతట అదే మానును. కొన్నాళ్ళకు మరల వచ్చును. దీని మందుల చరిత్రనంతయు చిక్కుపరచినది ఈ గుణమే. ఆరవ దినమున ఏది పూసినను పనిచేసినట్లే తోచును గదా!

సుశ్రుత సంహిత 65 ముఖరోగములను లెక్కించి, నోరంతయు వ్యాపించు పూతకు ‘సర్వసరము’ అని పేరుపెట్టినది. కషాయమును పుక్కిలించుట, నోట నిలుపుట, చూర్ణమును తేనెతో రుద్దుట అందలి పద్ధతులు. జాజి ఆకు నమలుట మన పల్లెల్లో నేటికిని కలదు.

పాశ్చాత్య వైద్యులు సిల్వర్ నైట్రేటుతో పుండును కాల్చిరి. నొప్పి తగ్గును గాని పుండు త్వరగా మానదని తరువాతి పరీక్షలలో తేలినది. బొరాక్సును గ్లిసరినులోను, తేనెలోను కలిపి పసిపిల్లల నోట పూయుట మరొక వాడుక. ఇట్టి పూతవలన కొందరు శిశువులకు మూర్ఛలు వచ్చినట్లు 1983లో వైద్యులు ప్రకటించిరి. తేనె మాత్రము నిరపాయమా? ఏడాది నిండని శిశువులకు దానివలన బాట్యులిజము రావచ్చును. శిశువులలో ఆ జబ్బును గుర్తించినది 1976లో.

1948లో హెంచ్ కీళ్ళవాత రోగికి కార్టిజోను ఇచ్చెను. 1950లో కెండాల్, రైక్‌స్టైనులతో కలిసి నోబెల్ బహుమానము పొందెను. ఆ కుటుంబపు మందులు నోటిలోనికి వచ్చుసరికి లాలాజలము అడ్డుతగిలెను. పూసినది పూసినట్లే కడిగివేయును. అందుచే తడిపొరకు అంటుకొను పెక్టిను, జెలటినుల జిగురులో ట్రయామ్సినొలోనును కలిపిరి. ఇది వాపును అణచును, కాని మరల రాకుండ ఆపలేదు. ఇనుము, బి12, ఫోలేటుల లోపమున్నచో ముందు దానిని సరిదిద్దవలెను. మూడు వారములకును మానని పుండును వైద్యునికి చూపవలెను. అది పూత కాకపోవచ్చును.

ఇక అతిమధురము సంగతి విచిత్రమైనది. 1946లో రెవర్స్ అను డచ్చి వైద్యుడు దాని సారమును కడుపులోని పుండ్లకు ఇచ్చెను. గుణము కనిపించినది గాని కొందరికి ఒళ్ళు ఉబ్బెను. మన శరీరమున కార్టిసాలును నిర్వీర్యము చేయు ఎంజైమును ఆ వేరులోని పదార్థము అడ్డగించునని తరువాత తెలిసినది. అనగా మనలోని స్టీరాయిడునే అది నిలిపియుంచును! 1960ల ఆరంభమున బ్రిటనులో ఆ పదార్థమునుండి కార్బెనాక్సొలోను తయారై, కడుపు పుండ్లకును, పిదప నోటిపూత లేపనముగను వాడుకకు వచ్చెను. ఆకుమందులను, అంగడిమందులను వేరువేరు అరలలో సర్దువారు ఈ సీసాను ఏ అరలో పెట్టుదురో చూడవలసియున్నది.