కోలారు గనుల ధూళి - వాతాపి కథ

బంగారమునకు చరిత్రకారులు పెక్కురు కలరు. ఏ రాజు భాండాగారమున నెంత పసిడి యుండెనో, ఏ దేవాలయ శాసనమున నెన్ని మాడలు చెక్కబడెనో మనము చదివియున్నాము. ఆ బంగారమును త్రవ్వినవారి రొమ్ములలోనికి పోయిన ధూళికి మాత్రము చాలకాలము చరిత్ర లేకపోయెను. ఈ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయ మొకటి వ్రాయుమని గ్రంథాలయ కార్యనిర్వాహకులు కోరిరి. లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడ నగుటచే, లెక్కకు రాక మిగిలిన యీ వస్తువును గూర్చి వ్రాయదలచితిని. కొబ్బరితోటల నడుమ నున్న ఉప్పలగుప్తమునకు రాతిగనులతో నేమి పని యని పాఠకులు తలపవచ్చును. ఆ సంబంధమును తుదను విన్నవించెదను.

మైసూరు సంస్థానమున కోలారు ప్రాంతమందు 1880 నాటినుండి జాన్ టేలర్ కంపెనీవారు యంత్రములతో బంగారు గనులను నడపిరి. చాంపియన్ రీఫ్, నందిదుర్గము, మైసూరు గని యనునవి వానిలో ప్రసిద్ధములు. 1902లో కావేరీనది మీది శివసముద్రము నుండి విద్యుచ్ఛక్తిని అచ్చటికి దెచ్చిరి. పనికి ఉత్తర ఆర్కాటు జిల్లానుండి తమిళులును, ఆ జిల్లాలోనే చేరియుండి 1911లో చిత్తూరు జిల్లాగా వేఱుపడిన సీమనుండి తెలుగువారును వచ్చిరి. కోలారు చుట్టుపట్ల పల్లెలలోను తెలుగు మాటలాడు కుటుంబములు మొదటినుండియు కలవు. ఆ గనులు భూమిలోనికి 3 కిలోమీటర్లకు మించి దిగినవి. 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడువఱకు వానినుండి వచ్చిన బంగారము ఇంచుమించు 800 టన్నులు.

అచ్చటి బంగారము పలుగురాతి నరములలో నుండెడిది. పసిడి కావలెనన్న పలుగురాతిని తొలిచి, మందుగుండుతో ప్రేల్చి, పిండిచేయవలెను. పైకి వచ్చిన బంగారమును తులములకు లోబడి తూచి పుస్తకముల కెక్కించిరి. క్రిందనే నిలిచి కూలివాని శ్వాసలో గలిసిన రాతిపిండికి మాత్రము ఏ పుస్తకమునను పద్దు లేదు.

ఈ కీడు ఎవ్వరికిని తెలియని దనుటకు వీలులేదు. 1556లో వెలువడిన గనుల గ్రంథమున జర్మను పండితుడు అగ్రికోలా, ధూళి ఊపిరితిత్తులను చెఱచు ననియు, కార్పేతియను కొండల గనులలో భర్తలు వరుసగా చనిపోగా ఏడుమార్లు వివాహమాడిన స్త్రీ లుండి రనియు వ్రాసెను. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జిని పనివారి వ్యాధులపై నొక గ్రంథము రచించి, రోగిని అడుగు ప్రశ్నలలో మఱియొకటి చేర్చవలెననెను: నీవు చేయు పని యేమి? వైద్యచరిత్రలో నింత చిన్నదియు నింత విలువైనదియు నగు ప్రశ్న మఱొకటి యరుదు.

కోలారులో ఆ ప్రశ్నకు సమాధానము వ్రాయబడుటకు అర్ధశతాబ్దము పైగా పట్టినది. 1930లో జొహాన్నెస్‌బర్గు నగరమున అంతర్జాతీయ కార్మిక సంస్థ యీ వ్యాధిని గూర్చి సదస్సు జరిపెను. మనదేశమున సిలికోసిసు అను పేరుతో ఈ వ్యాధి మొదట కోలారు గనులనుండియే ప్రకటితమయ్యెను. 1940లో మైసూరు ప్రభుత్వము పరిహారము కొఱకు నిబంధనలు చేసెను. ఆ యేటినుండి 1946 వఱకు 7,000 మందికి పైగా పనివారిని పరీక్షింపగా నూటికి 40 మందికి మించి ఈ వ్యాధి కనబడెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున, ప్రభుత్వమునకు తప్పక తెలుపవలసిన వ్యాధుల పట్టికలో దీనిని చేర్చిరి.

ఇక ధూళి లోపల నేమి చేయునో చూతము. పలుగురాతిలోని పదార్థము సిలికా. మన గోదావరి యిసుకలో నధికభాగమును అదియే. అయినను ఇసుకలో నాడుకొను పిల్లల కీ జబ్బు రాదు. ఏలయన ఇసుకరేణువు పెద్దది, అది ముక్కులోను గొంతులోను ఆగిపోవును. రాతిని తొలిచినపుడు లేచు ధూళిలో మిల్లీమీటరులో రెండువందలవ వంతుకంటె చిన్నవగు కణము లుండును. అవి కంటి కగపడవు. శ్వాసనాళములన్నియు దాటి, చిట్టచివరనున్న గాలితిత్తులను చేరును. అప్పుడే పగిలిన రాతికణము, పాతదానికంటె నెక్కువ విషము.

ఆ గాలితిత్తులలో కావలివాండ్రు కలరు. లోనికి వచ్చిన దుమ్మును, సూక్ష్మక్రిములను పట్టి మ్రింగి జీర్ణము చేసికొను జీవకణములవి. వీనికి భక్షకకణములని పేరు. ఇట్టి కణములు మ్రింగి రక్షించునని 1882లో మెచ్నికోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు నక్షత్రమత్స్యపు పిల్లలలో కనిపెట్టెను. 1908లో ఆయనకు నోబెలు బహుమాన మీయబడెను.

భారతము అరణ్యపర్వమునందలి వాతాపి కథ మీ యెఱిగినదే. పసిబిడ్డకు పాలుపట్టి పొట్ట నిమురు తల్లులు నేటికిని వాతాపిని తలచుకొందురు. ఇల్వలుడు తమ్ముని మేకగా మార్చి వండి అతిథులకు పెట్టెడివాడు. తిన్న పిమ్మట పేరుపెట్టి పిలువగా, వాతాపి వారి పొట్ట చీల్చుకొని వచ్చెడివాడు. సిలికా కణము అట్టి వాతాపి. భక్షకకణము దానిని అన్ని ధూళులవలెనే మ్రింగి, జీర్ణరసములు గల సంచిలో పెట్టును. రాయి యరుగదు. సంచియే చినుగును. ఆ రసములు బయటికొలికి కావలివానినే చంపును. చనిపోయిన కణమునుండి రాయి చెక్కుచెదరక వెలువడును. మఱియొక కణము వచ్చి దానిని మ్రింగును. దానికిని అదియే గతి. మునుపటి యతిథికి పట్టిన గతి యెఱుగక, తరువాతి యతిథి విస్తరిముందు కూర్చుండినట్లే. అగస్త్యుడు వచ్చిన కథ మాత్ర మిచ్చట లేదు.

సంచి చినుగు విధమును 1966లో ఆలిసన్, హారింగ్టన్, బర్బెక్ అనువారు వివరించిరి. కణము చచ్చుటకు ముందు తోడివారిని పిలుచుటకై కొన్ని రసాయనములను వెదజల్లును. ఆ పిలుపును మేల్కొలుపు యంత్రాంగమును 2008లో శాస్త్రజ్ఞులు గుర్తించిరి. పిలుపు విని వచ్చిన కణములు గాయమును మాన్పదలచి నారపదార్థమును అల్లును. రాయి యుండినంత కాలము ఆ యల్లిక ఆగదు. ఉల్లిపాయ పొరలవలె చుట్టుకొని గట్టి కణుపు లేర్పడును. మెత్తని ఊపిరితిత్తి బిఱుసెక్కును; మెట్లెక్కిన ఆయాసము, పిదప కూర్చుండినను ఆయాసము. పని మానినను వ్యాధి పెరుగవచ్చును. దానిని వెనుకకు మరల్చు మందు నేటికిని లేదు.

క్షయక్రిములను పట్టవలసినవియు ఆ భక్షకకణములే. అవి నశించుటచే సిలికోసిసు గలవారికి క్షయ సులభముగా సోకును. రెండు వ్యాధులకును దగ్గు, బరువు తగ్గుట సమానములు గాన, ఒకదానిని మఱొకటిగా పొరబడుటయు కలదు. రమజ్జిని ప్రశ్న అడుగనిచో ధూళి పేరు వ్రాయబడదు.

కోలారు మూతపడినది గాని ధూళి మూతపడలేదు. మనము అక్షరములు దిద్దిన పలకలు మార్కాపురమునుండి వచ్చెడివి. ఆ పలకరాతిలోను సిలికా కలదు. మధ్యప్రదేశమున మందసౌరు పలకబలపముల పనివారికి కలిగిన కష్టమును చూచి, 1982లో ఆ రాష్ట్రము వారి సంక్షేమనిధికై చట్టము చేసెను. వంటయింటి అరుగులకై పలుగురాతి పొడితో చేయు కృత్రిమశిలలను ఆస్ట్రేలియా దేశము 2024 జూలై 1వ తేదీనుండి నిషేధించెను. వానిని కోసిన యువకులు సైత మీ వ్యాధికి లోనగుటయే అందులకు హేతువు.

ఇచ్చట మన సంబంధము. కోనసీమనుండి గల్ఫు దేశములకును, హైదరాబాదు మున్నగు నగరములకును జీవనోపాధికై పోవువారు ప్రతి గ్రామమునను కలరు. వారిలో నేల తొలుచువారు, రాయి కోయువారు, గచ్చు అరుగదీయువారు ఉందురు. పీచుదుమ్ము, ఊకదుమ్ము ఎఱిగిన మనవారు రాతిదుమ్మునుకూడ అట్టిదే యనుకొందురు. దాని దారి వేఱు. కావున నా విన్నపములు మూడు. రాతిని తడిపి కోయవలెను, పొడిగా కోయరాదు. ముక్కునకు తువాలు చుట్టుట చాలదు, సన్నని ధూళిని ఆపు సరియైన ముసుగు కావలెనని యజమానిని అడుగవలెను. మూడవది లెక్కలవాని మాట: ఏ యేట, ఏ యూర, ఏ పని, ఎన్ని నెలలు చేసిరో ఒక చిన్న పుస్తకమున వ్రాసి యుంచవలెను. ఈ వ్యాధి పదేండ్లకో యిరువదేండ్లకో బయటపడవచ్చును. నాడు వైద్యుడు అడుగకున్నను ఆ పుస్తకము చూపవలెను. పరిహారము కోరునపుడును అదియే సాక్ష్యము.

కోలారులో ధూళికి పద్దు లేకపోవుటచే అర్ధశతాబ్దము గడచెను. మన యింటిలో ఆ పద్దు ఈ దినమే ప్రారంభింపవచ్చును. దూరదేశమున నున్న బిడ్డలకు జాబు వ్రాయునపుడు ఈ నాలుగు మాటలను చేర్చి వ్రాయుడని గ్రంథాలయ సభ్యులను ప్రార్థించుచున్నాను.