ఈ ఫాల్ట్ ఎవరిది?

ప్రోగ్రాం అడిగిన పేజీ ఆ క్షణానికి మెమరీలో లేకపోతే వచ్చేది పేజీ ఫాల్ట్. 1962లో మాంచెస్టర్‌లో మొదలైన అట్లాస్ కంప్యూటర్ దీన్ని రోజువారీ పనిగానే చూసింది: ప్రోగ్రాంను ఆపడం, డ్రమ్ నుంచి పేజీ తెచ్చుకోవడం, మళ్లీ నడిపించడం.

అసలు చిక్కు వర్చువల్ మెషీన్లతో వచ్చింది. 1960ల చివర్లో ఐబీఎం కేంబ్రిడ్జ్ కేంద్రం తయారుచేసిన సీపీ-67లో అతిథి ఆపరేటింగ్ సిస్టమ్ తన పేజీ టేబుల్ (ఏ పేజీ మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టిక) తానే రాసుకునేది. అది అసలు మెమరీ అనుకున్నది హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే ప్రోగ్రాం) కల్పనే. అందుకే హైపర్‌వైజర్ చాటున అసలు మెమరీని చూపే షాడో టేబుల్ నడిపేది. ఫాల్ట్ రాగానే, అది ఎవరిదో తేల్చాలి. అతిథి టేబుల్‌లోనే పేజీ లేకపోతే ఫాల్ట్‌ను అతిథికి అప్పగించాలి. అక్కడ ఉండి షాడోలో లేకపోతే, గుట్టుగా పూరించి అదే ఇన్‌స్ట్రక్షన్‌ను మళ్లీ నడపాలి. అతిథికి ఆ సంగతే తెలియకూడదు.

1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ షాడో పద్ధతిని సాధారణ పీసీలకు తెచ్చింది. అతిథి టేబుల్ మార్పులను కనిపెట్టడానికి ఆ పేజీల్లో రాయకుండా అడ్డుకట్ట వేయాలి. రాసినప్పుడల్లా మరో ఫాల్ట్. పని జరిగేది, కానీ ఖరీదుగా.

2007లో ఏఎండీ బార్సిలోనా, 2008లో ఇంటెల్ నెహాలెం అతిథి టేబుల్‌తోపాటు హైపర్‌వైజర్ సొంత టేబుల్‌నూ చూసే పనిని ప్రాసెసర్‌కే అప్పగించాయి. అదీ ఉచితం కాదు: రెండూ నాలుగంచెల టేబుళ్లయితే, చిరునామాల అనువాదాలను దాచుకునే టీఎల్‌బీలో ఒక్క మిస్‌కు 24 సార్లు మెమరీ చదవాల్సి రావచ్చు. అయినా మొత్తంమీద లాభమే. లైనక్స్ కేవీఎంలో మాత్రం షాడో కోడ్ ఇంకా ఉంది. వర్చువల్ మెషీన్ లోపల మరో వర్చువల్ మెషీన్ నడిపేటప్పుడు అదే అక్కరకొస్తుంది.