గ్రంథాలయములలో కంప్యూటరు - లోపసూచనల చరిత్ర

గ్రంథాలయమునకు పుస్తకములెంత ముఖ్యమో వాని లెక్కయు అంత ముఖ్యము. పూర్వము ఈ లెక్క రిజిస్టరులలోను కార్డుల మీదను ఉండెడిది. పొరపాటు పడినచో గుమాస్తా దానిని కొట్టివేసి ప్రక్కన సరిగా వ్రాసెడివాడు. తప్పును, దిద్దుబాటును అందరి కంటికి కనబడుచుండెను. లెక్క కంప్యూటరులోనికి చేరిన పిదప, తప్పు ఎవరికి ఎట్లు తెలియవలెనను ప్రశ్న పుట్టినది.

1970లో ఐ.బి.యం. సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్, సమాచారమును పరస్పర సంబంధము గల పట్టికలుగా అమర్చు విధానమును ప్రతిపాదించెను. నేటి గ్రంథాలయ సాఫ్టువేరులలో పెక్కింటికి ఇదియే పునాది. సభ్యులకొక పట్టిక, పుస్తకములకొక పట్టిక, అరువులకు వేరొక పట్టిక. పుస్తకము అరువు తీసికొని యున్న సభ్యుని పేరు తొలగింపబోయినచో డేటాబేసు నిరాకరించును. లెక్క చెడకుండ కాపాడు హెచ్చరిక ఇది.

కాని ఆ హెచ్చరిక ఎవరి భాషలో నున్నది? మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసు ఇట్టి సందర్భమున 1451 అను సంఖ్య నిచ్చి, "మాతృ వరుస"ను తొలగించుట కుదరదని చెప్పును. 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణము లోపములకు ఐదేసి అక్షరముల సంకేతముల నేర్పరచినది. 23తో మొదలగునవి ఇట్టి నియమభంగమును తెలుపును. ప్రోగ్రాము వ్రాయువారికి ఇవి మిక్కిలి ఉపయోగకరములు. గ్రంథపాలకునికి మాత్రము అయోమయము.

న్యూజిలాండులోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు వాడుచుండిన పాత సాఫ్టువేరు 2000 సంవత్సరపు తేదీలకు పనికిరాదని తేలినది. అందుచే 1999లో వారు క్రొత్తది వ్రాయించి, 2000 జనవరిలో వాడుకలోనికి తెచ్చి, అందరికి ఉచితముగా నిచ్చిరి. దాని పేరు కోహా. మావోరీ భాషలో కానుక అని అర్థము. మన దేశమునందును పెక్కు గ్రంథాలయములు దానిని వాడుచున్నవి.

కోహా పెర్ల్ భాషలో వ్రాయబడినది. పెర్ల్ ప్రోగ్రాములు డీబీఐ అను సాధనము ద్వారా డేటాబేసుతో మాటలాడును. వేరుగా ఆదేశింపనిచో, డీబీఐ లోపవాక్యమును సామాన్యముగా సర్వరు చిట్టాలోనికి పంపును. ప్రోగ్రాము ఆగక సాగిపోవును. వ్రాసినవారు ఫలితమును పరీక్షింపకున్న, పుస్తకము తిరిగి వచ్చినట్లు నమోదు కాకపోయినను తెరపై ఏమియు కనబడదు. పుస్తకమిచ్చివేసిన విద్యార్థిపై కొన్నాళ్లకు జరిమానా పడును!

లోపవాక్యమును ఉన్నదున్నట్లు తెరపై చూపుటయు క్షేమము కాదు. డేటాబేసులోనికి దొంగ ఆదేశములను చొప్పించు పద్ధతి 1998లోనే ప్రచురింపబడినది. పట్టికల పేర్లు బయటపడుట అట్టివారికి సహాయమగును.

కావున వివరమంతయు చిట్టాలో ఉండవలెను. తెరపై మూడు సంగతులు చాలును: ఏమి జరిగినది, పని నమోదైనదా లేదా, ఇక చేయవలసినదేమి. "ఈ సభ్యుని పేర 2 పుస్తకములున్నవి. పేరు తొలగింపబడలేదు. ముందు పుస్తకములను తిరిగి తీసికొనుడు" అన్నచో ఎవరికైనను తెలియును.

1931లో మదరాసునందు వెలువడిన గ్రంథములో యస్. ఆర్. రంగనాథన్, పాఠకుని కాలమును ఆదా చేయుటను గ్రంథాలయ సూత్రములలో నాల్గవదిగా పేర్కొనెను. కంప్యూటరు పలుకు మాటకును ఆ సూత్రము వర్తించును.